బాలవాటిక అభ్యసన లక్ష్యాలు – తెలుగు లిపి, తెలుగు లెక్క

2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం బాలవాటికకు, అనగా ఒకటవ తరగతికి ముందున్న ఏడాదికి, అభ్యసన లక్ష్యాలను నిర్దేశించింది. భాషలో అక్షరాలను, వాటి ధ్వనులను గుర్తించడం, కనీసం రెండు మూడు అక్షరాల సరళ పదాలను చదవడం. గణితంలో 10 వరకు అంకెలను గుర్తించి చదవడం, వస్తువులను, ఆకారాలను, సంఘటనలను వరుసలో అమర్చడం వాటిలో ముఖ్యమైనవి. దేశభాషలన్నింటికీ ఇవే లక్ష్యాలు. వీటిని తెలుగులో రాసుకున్నంత మాత్రాన ఇవి తెలుగు లక్ష్యాలు అవుతాయా అన్నది పరిశీలించవలసిన విషయం.

ఆంగ్లంలో ‘సి’ అనే అక్షరం పేరు వేరు, ‘క్యాట్’ అన్నప్పుడు దాని ధ్వని వేరు. అక్కడ ధ్వనిని గుర్తించడం ప్రత్యేక లక్ష్యం కావడం సహజం. తెలుగులో ‘క’ పేరూ ధ్వనీ ఒక్కటే. తెలుగు పసిబిడ్డకు కష్టం గుణింతంలోనూ, వత్తులలోనూ ఎదురవుతుంది. ‘పలక’లో మూడక్షరాలున్నా గుణింతపు గుర్తులు గాని, వత్తు గాని లేవు. ‘అమ్మ’లో ఉన్నవి రెండక్షరాలే, కాని మకారానికి, దాని వత్తుకు ఆకారంలో పోలికే లేదు. అక్షరాల సంఖ్యే కొలమానమైతే ‘అమ్మ’ సులభం, ‘పలక’ కష్టం. చదివే బిడ్డ అనుభవం దీనికి తలకిందులు. నాన్న, అక్క, అత్త, బువ్వ, కుక్క, పిల్లి – ఇంటి నుండి బిడ్డ మోసుకువచ్చే మాటలలో ఎన్నో ద్విత్వాలే! వాచకాల సంప్రదాయమేమో వత్తులను చివరకు నెట్టింది. ‘అ’ పక్కన ‘అమ్మ’ బొమ్మను చూసి బిడ్డ ‘అమ్మ’ అంటే అది బొమ్మను గుర్తుపట్టడమే, పఠనం కాదు. అయినా మూల్యాంకన పత్రంలో లక్ష్యం నెరవేరినట్లే నమోదయ్యే అవకాశం ఉంది.

ఈ సమస్య పై తరగతిలో కొంత గుర్తింపు పొందింది. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. నిర్వహించిన అధ్యయనం మూడవ తరగతి పఠన ప్రమాణాలను 20 భాషలకు విడివిడిగా నిర్ణయించింది. ఆ వివేకం అక్షరారంభ దశకే మరింత అవసరం.

గణిత లక్ష్యంలోని చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది. తెలుగు బిడ్డ ‘రెండు కుక్కలు’ అంటుంది, ‘ఇద్దరు అక్కలు’ అంటుంది. ‘చెట్లు ఎన్ని?’, ‘పిల్లలు ఎందరు?’ అన్న ప్రశ్నలు కూడా వేరువేరు. అంటే అంకెను చూడకముందే బిడ్డ లోకాన్ని మనుషులు, మనుషులు కానివి అని వర్గీకరించుకుంది. రెండు, ఇద్దరు అన్న మాటలకు 2 అనే ఒకే అంకెను జతచేయడం చిన్న పని కాదు. 10 వరకు అంకెలను చదివించే లక్ష్యంలో దీనికి చోటు లేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే బిడ్డకు కుక్కలైనా అక్కలైనా ‘దో’యే. ఆ బిడ్డ అంగన్వాడీలో ‘రెండు పిల్లలు’ అంటే గణితంలో ఒప్పు, భాషలో తప్పు. టీచరు చేతిలోని పట్టిక రెండింటినీ వేరుచేయకపోతే, లెక్క తెలిసిన బిడ్డ లెక్క రాని బిడ్డగా మిగిలిపోతుంది.

2022 అక్టోబరులో వెలువడిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం సబ్జెక్టులకు బదులు వికాస రంగాలను ఆధారం చేసుకోవడం ఇక్కడ ఉపకరిస్తుంది. ఆ వెసులుబాటుతో తెలుగు బాలవాటిక లక్ష్యాన్ని ఇలా రాసుకోవచ్చు: వత్తులేని మూడక్షరాల పదాలను, ఇంటి మాటలలోని ద్విత్వాలను బొమ్మ సాయం లేకుండా చదవడం; పది లోపు వస్తువులను, మనుషులను లెక్కించి, ఏ మాటతో చెప్పినా సరైన అంకెను చూపడం.