‘ద స్టోరీ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ – తరగతిలో ఒక చిత్రము

ఎలక్ట్రానిక్ వ్యర్థములను గూర్చి పాఠము చెప్పబూనిన ఉపాధ్యాయులకు సులువుగా దొరకు సాధనములలో ఈ లఘుచిత్రమొకటి. ఆనీ లెనార్డ్ అను అమెరికా వనిత కథనముతో 2010లో వెలువడినది. నిడివి సుమారు ఎనిమిది నిమిషములు. సొరుగులో చిక్కుపడిన చార్జర్లతో కథ ప్రారంభమగును. అట్టి సొరుగు లేని ఇల్లు నేడు అరుదు గనుక విద్యార్థి వెంటనే చెవియొగ్గును.

పరికరములను త్వరగా పారవేయునట్లే రూపొందించుచున్నారనియు, దాని నష్టమును కార్మికులు, ప్రజలు భరించుచున్నారనియు, వాడిన వస్తువును తయారీదారే తిరిగి తీసికొనవలెననియు దీని వాదము. ఊడదీయుటకు వీలులేని బ్యాటరీ గల ఫోనును చూచినవారు దీనిని తేలికగా త్రోసివేయజాలరు.

అయితే విజ్ఞానశాస్త్ర విషయమున చిత్రము తొందరపడినది. ప్రాసెసర్ వేగము పదునెనిమిది నెలలకొకసారి రెట్టింపగునని గోర్డన్ మూర్ 1965లో చెప్పినట్లు ఇందులో వినబడును. ఆయన నాడు చెప్పినది వేగమును గూర్చి కాదు. ఒక చిప్పుపై ఇమడ్చగల భాగముల సంఖ్య ఏటేటా రెట్టింపగుచున్నదని. 1975లో ఆ గడువును రెండేండ్లకు సవరించెను. చిన్న పొరపాటే గాని, విద్యార్థి పరీక్షలో వ్రాయునది ఇదియే!

ఇంతకంటె పెద్ద లోపము మరొకటి. పి.వి.సి., పాదరసము, మంటను నిరోధించు పదార్థములు అని పేర్లు చదివి కథ ముందునకు సాగును. అవి అందు ఎందుకున్నవి? పరికరము వేడెక్కినపుడు అంటుకొనకుండుటకే బ్రోమిన్ సమ్మేళనములను కలిపిరి. ఈ మాట చెప్పనిచో తయారీదారు కేవలము దుర్బుద్ధితో విషము కలిపెనని బాలుడు తలచును. రసాయనశాస్త్రము నిజముగా రుచించునది ఇచ్చటనే. రాగితీగపై తొడుగునందలి పి.వి.సి.లో క్లోరిన్ కలదు. దానిని ఆరుబయట కాల్చినచో హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడును, రాగి ఉత్ప్రేరకమగుటచే డయాక్సిన్లును ఏర్పడును. బంగారమును నత్రికామ్లము గాని హైడ్రోక్లోరికామ్లము గాని ఒంటరిగా కరిగింపజాలదు. రెండును కలిసిన ద్రవరాజము కరిగించును. సర్క్యూట్ పలకలపై బంగారు పూత కొరకు ఆ ద్రవమును రక్షణ లేక వాడువారి ఊపిరితిత్తులు ఏమగునో విద్యార్థియే ఊహించుకొనగలడు.

చిత్రములో పేర్కొన్న చైనాలోని గుయియూ పట్టణము కూడ నేడు అట్లు లేదు. 2015 నాటికి అచ్చటి చిన్న కర్మశాలలను పారిశ్రామికవాడలోనికి తరలించిరి. ఇక భారతదేశమున విప్పబడు వస్తువులలో చాల భాగము మన ఇండ్లనుండి, కార్యాలయములనుండి వచ్చునవే. పరుల చెత్త మనపై పడుచున్నదను బోధ ఇచ్చట సగమే సత్యము.

చిత్రము కోరిన తయారీదారుల బాధ్యతను మన ప్రభుత్వము 2011 నియమములలోనే చేర్చినది. అవి 2012 మే నుండి అమలైనవి. 2022 నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి వచ్చినవి. అయినను పాత ఫోను పాతసామాన్లవానికే పోవుచున్నది. వాడు గుమ్మములోనికి వచ్చి రొక్కమిచ్చును. ప్రపంచమంతట 2022లో ఏర్పడిన 6.2 కోట్ల టన్నుల వ్యర్థములో సక్రమముగా సేకరించి పునరుపయోగించినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతమే. చట్టము చేసిన తరువాత కూడ ఇట్లేల జరుగుచున్నదను ప్రశ్న చిత్రములో లేదు. తెర ఆపిన పిమ్మట ఉపాధ్యాయుడు అడుగవలసినది అదియే.