సంఘమా, సభ్యులా?

ఆంగ్లమున వ్రాయ బూనిన తెలుగువానిని కాలములును, ప్రిపొజిషన్లును పెట్టు తిప్పలు అందఱెఱిగినవే. వానికంటె స్వల్పముగా గన్పట్టుచునే, చేయి తిరిగినవాని కలమును సైతము క్షణకాలము నిలుపునట్టి చిక్కు మఱియొకటి కలదు: కమిటీ, జ్యూరీ, టీమ్, ఫ్యామిలీ మొదలగు సమూహవాచకముల వెనుక 'హూ' అని వ్రాయవలయునా, 'విచ్' అని వ్రాయవలయునా యనునది.

మన భాష మన కీ శ్రమ కల్పింపలేదు. వచ్చిన మనిషి, వచ్చిన బండి, వచ్చిన జనము. విశేష్యము మహత్తైనను అమహత్తైనను, ఏకమైనను అనేకమైనను, 'వచ్చిన' అను రూపము మాఱదు. కావున 'తీర్మానించిన సంఘము' అని వ్రాయువాడు, ఆ సంఘము మనుష్యుల కూటమియా, మనుష్యులకు వేఱైన యొక సంస్థయా యని తేల్చుకొనకయే వాక్యమును గడపవచ్చును. ఆంగ్లమందు అట్లు కుదురదు. నామమును దాటి అడుగు వేయుటకు ముందే ఆ సంగతి తేల్చుకొని తీరవలయును.

నా మట్టుకు నేను, ఆంగ్లప్రతిని దిద్దునపుడు, సమూహవాచకము ఎదురైనతోడనే దానిని విడిచి క్రియవంక జూతును. ఏర్పడుట, రద్దగుట, ఇంతమందితో గూడియుండుట సంస్థకు చెల్లు పనులు. వాదులాడుట, అలసిపోవుట, ఇండ్లకు మఱలుట మనుష్యులు చేయు పనులు. కనుక పండ్రెండుగురితో గూడిన జ్యూరీని వర్ణించునపుడు 'ది జ్యూరీ, విచ్ కన్సిస్ట్స్ ఆఫ్ ట్వెల్వ్ పర్సన్స్' అనుటయు, ఆ పండ్రెండుగురిని ఇండ్లకు పంపినపుడు 'ది జ్యూరీ, హూ వర్ సెంట్ హోమ్ టు దెయిర్ ఫ్యామిలీస్' అనుటయు యుక్తము. 'హూ' వచ్చిన చోట బహువచన క్రియయు 'దెయిర్'ను, 'విచ్' వచ్చిన చోట ఏకవచన క్రియయు 'ఇట్స్'ను వెంట రావలయును. 'ది కమిటీ, హూ హాజ్ సబ్మిటెడ్ ఇట్స్ రిపోర్ట్' అని వ్రాసినవాడు ఒకే వాక్యమున సభ్యులను బిలిచి, సంస్థచేత సమాధానము చెప్పించినవాడగును.

ఈ విషయమున దేశభేదమును గలదు. ఇంగ్లండు పత్రికలు తమ క్రికెట్ జట్టును బహువచనముననే పేర్కొనుటకు వెనుదీయవు. అమెరికావారు ఏకవచనమునందే మక్కువ గలవారగుటచే 'విచ్', 'దట్' అనువానినే తఱచుగా వాడుదురు. 1926లో ఆంగ్లవ్యవహార నిఘంటువును వెలువరించిన ఫౌలర్ రెండింటిని అంగీకరించుచునే, ఒక చమత్కారమైన వాదము చేసినాడు: చీలుటకు ముందు ఒక సమగ్రవస్తువు ఉండవలయును గావున, మంత్రివర్గము చీలినదని చెప్పునపుడు ఏకవచనమును, ఏకీభవించుటకు కనీసము ఇద్దఱు కావలయును గావున, అది ఏకీభవించినదని చెప్పునపుడు బహువచనమును మేలని. అంతటి సూక్ష్మత నిత్యవ్యవహారమున నిలుచునని నేను నమ్మను. కాని సంఖ్యను నిర్ణయించునది నామము గాదు, చెప్పదలచిన భావమనుట మాత్రము నాకు సమ్మతము. 'విచ్' మనుష్యులకు తగదను నియమమైనను అనాది కాదు. 1611 నాటి ఆంగ్ల బైబిలు ప్రార్థనలో పరలోకమందలి తండ్రినే ఆ పదముతో సంబోధించినది.

కొన్నిచోట్ల సందేహమునకు తావే లేదు. 'పోలీస్', 'పీపుల్' అనునవి బహువచనములై 'హూ'నే కోరును. 'ఏ గ్రూప్ ఆఫ్ స్టూడెంట్స్' అనునపుడు చదివినవారు విద్యార్థులు గావున 'హూ' వారికి జేరును. మేయుచున్న పశువుల మందకు 'విచ్' చాలును.

ఇదంతయు వ్యాకరణపు ముచ్చట మాత్రమే యనుకొనరాదు. ఒక నిర్ణయము వికటించినపుడు, దానిని చేసిన సభ్యులందఱును 'విచ్' చాటున సుఖముగా దాగవచ్చును. 'హూ' అన్నచో, చేసినవారు మనుష్యులని పాఠకునికి స్ఫురించును. కావున ఆంగ్లమున నివేదికలు వ్రాయు మిత్రులకు నా మనవి యొక్కటియే: సంస్థను గూర్చి చెప్పుచున్నారో, మనుష్యులను గూర్చి చెప్పుచున్నారో ముందుగా నిశ్చయించుకొనుడు, నిశ్చయించుకొన్నదానిని వాక్యాంతము వఱకు విడువకుడు, అప్పటికిని సంశయము తీరనిచో, 'ది మెంబర్స్ ఆఫ్ ది కమిటీ' అని వ్రాసి, నిస్సంకోచముగా 'హూ' చేర్చుడు.