గదవ కింద స్టిక్

పోయిన ఆదివారం జనగామలో, మానుకోట నుంచి చుట్టాలింటికి వచ్చిన పదిహేడేళ్ల పిల్లవాడు పూల్ టేబుల్ మీదికి వంగిన తీరు చూసి నా కడుపు నిండింది. గదవ స్టిక్‌కు ఆనించాడు. వెనక కాలు నిటారు, ముందు కాలు కాస్త మడత. అచ్చం స్నూకర్ ఆటగాడే. "ఇది పూల్ తమ్మీ, గంత వంగుడెందుకు?" అని పక్కవాళ్లు నవ్వారు. అక్కడే నాకు మండింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టు కొత్త కాదు. క్యారమ్స్ అయినా గోటీలైనా, కన్ను ఎంత దిగితే గురి అంత నిలుస్తుంది. స్నూకర్ టేబుల్ 12 అడుగులు, బంతి 52.5 మిల్లీమీటర్లు, పాకెట్ ఇరుకు. వెంట్రుకంత తప్పినా బంతి బయటే. ఆ భయమే ఆటగాణ్ని అంత కిందికి వంచింది. పూల్ బంతి 57 మిల్లీమీటర్లు, టేబుల్ చిన్నది, పాకెట్ విశాలం. కష్టమైన చోట పనికొచ్చిన ఒడుపు సులువైన చోట చెడుతుందా? పైగా స్నూకర్ పుట్టింది మన దగ్గరే, 1875లో జబల్‌పూర్‌లో.

ఇదే రాద్దామని కూర్చుంటే మామ గుర్తొచ్చాడు. భూపాలపల్లిలో బొగ్గుబాయి పని చేసి దిగిపోయిన మనిషి. ఓసారి హనుమకొండలో ఆడుతుంటే, గదవ ఆనించమని ఆయన వెంటపడ్డాను. "నడుము వంగుతలేదు అల్లుడా, ఇట్లనే కొడ్త" అన్నాడు. తల స్టిక్‌కు జానెడు పైనే ఉంది. ఎడమచేతి వేళ్లు మాత్రం బట్ట మీద మేకులు దిగినట్టు నిలిచాయి. స్టిక్ రెండుసార్లు నెమ్మదిగా ఊగి, మూడోసారి వెళ్లింది. బంతి పడ్డ చప్పుడయ్యాక కూడా తల కదల్లేదు. తెల్ల బంతి తర్వాతి బంతికి ఎదురుగా వచ్చి ఆగింది. అట్లా వరసగా నాలుగు. ఐదోది తప్పింది. ఆ ఒక్కసారే కొడుతూ తల ఎత్తాడు.

అంతెందుకు, స్నూకర్ ఆటగాడు జో డేవిస్‌కే కుడికన్ను సరిగా ఆనేది కాదు. స్టిక్‌ను ఎడమకంటి కిందికి తెచ్చుకుని 1927 నుంచి 1946 దాకా 15 స్నూకర్ ప్రపంచ టైటిళ్లు గెలిచాడు. స్టిక్ గదవ నడుమనే ఆనాలన్న లెక్క ఆయనకే కుదరలేదు. మామకు నేను చెప్పాల్సింది వంగమని కాదు, బంతి పడేదాకా కదలొద్దని. అది ఆయనకు ముందే తెలుసు.

నిన్న మళ్లీ వెళ్లాను. పిల్లవాడు బ్రేక్ కొడుతున్నాడు. అంత వంగితే ఒంట్లో బలం స్టిక్‌లోకి దిగడం లేదు, బంతుల గుత్తి విడటం లేదు. "బ్రేక్‌కు కొంచెం లేచి కొట్టు తమ్మీ" అన్నాను. లేచాడు. బంతులు టేబులంతా చెదిరాయి. తర్వాతి షాట్‌కు మళ్లీ గదవ ఆనించాడు. ఈసారి అతని తలనే చూస్తూ నిలబడ్డాను.