ప్రజానాట్యమండలి ఎందుకు చెదిరింది?

ప్రజానాట్యమండలి పేరెత్తగానే, దాన్ని సినిమా మింగేసిందనే తీర్పు మనలో చాలామంది నోట సిద్ధంగా వుంటుంది. కొత్తగూడలో నాకు పరిచయమున్న విద్యార్థులదీ యిదే అభిప్రాయం. యిది సగం నిజం. అందుచేతనే దీన్ని పరీక్షించాలి.

1943లో ఇప్టాకు ఆంధ్రశాఖగా పుట్టిన యీ సంస్థ పాత కళారూపాలకు కొత్త పని చెప్పింది. డాక్టర్ గరికపాటి రాజారావు నాటకాన్ని పల్లె ముంగిటికి తెచ్చారు. షేక్ నాజర్ బుర్రకథలో తంబురా, అందెలు, గుమ్మెటలు అలాగే వున్నాయి. కథకుని కిరుపక్కలా వంతలూ నిలిచారు. అయితే రాజకీయ వంత వ్యాఖ్యానమూ, హాస్య వంత ఎత్తిపొడుపూ నాటి బతుకు మీదికి తిరిగాయి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన 'మాభూమి' తెలంగాణా రైతు పోరాటాన్ని కోస్తా రైతు కళ్లముందు నిలబెట్టింది. భూమికోసం పెనుగులాడేవానికి అది పరాయి కథ కాలేదు.

ఆ బలమంతా నటుల ప్రతిభలోనే వుందనుకోరాదు. ప్రదర్శన ఏర్పాటుచేసే రైతుసంఘం, నటులకు అన్నంపెట్టే యిల్లు, మర్నాడు కథను చర్చించే రచ్చబండ - మండలికి అసలు రంగస్థలం యిదీ. మద్రాసు ప్రభుత్వం 'మాభూమి'ని నిషేధించింది. 1948 నుంచి సాగిన నిర్బంధం పల్లెల్లో యీ సంబంధాలను తెంచింది. కూలింది ఆ రంగస్థలమే.

సినిమా ఆ తర్వాతి మాట. 1953లో రాజారావు 'పుట్టిల్లు' తీశారు. జమునకు అది తొలిచిత్రం. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య, టి. చలపతిరావు సినిమారంగంలో స్థిరపడ్డారు. వీరిని ద్రోహులనటం అన్యాయం. ఉద్యమం చెదిరాక పూర్తికాలపు కళాకారునికి తిండి ఎక్కడిది? దీనికి జవాబు చెప్పలేనివారికి నిందించే హక్కు లేదు. కాని సానుభూతితో విమర్శ ఆగిపోకూడదు. నటుడు తెరమీదికి వెళ్లాడు, ప్రేక్షకుడు చీకట్లో ఒంటరివాడయ్యాడు. ఆ నష్టం నష్టమే.

తర్వాతికాలంలో మండలిని మళ్లీ నిలబెట్టారు. అయినా పాఠం పాతబడలేదు. సంబంధం పోయి రూపమొక్కటే మిగిలితే ఏమవుతుందో మాకు దగ్గరలోని శిల్పారామంలో చూడవచ్చు. టిక్కెట్టు కొని, జానపదకళను చూసి, యింటికి పోతాం. చూశాక చేయవలసిన పనేమీ వుండదు.

నేడు దళం కట్టదలచిన యువకులు వాద్యాలకంటె ముందు వాడను వెతుక్కోవాలి. యీ కొత్తగూడ మేడలకు కాపలా కాసేవారున్నారు, గుమ్మం గుమ్మానికీ సరుకులు మోసేవారున్నారు. రాత్రి వారికి పాట వినిపించి, మర్నాడు వారి కష్టం వినటానికి వెళ్లగలరా? దళం నిలిచేదీ చెదిరేదీ అక్కడే.