కొట్టం గోడ మీది వెలుగు

పెన్సిల్వేనియా రైతుల పాత కొట్టాలు ఎక్కువగా వాలు నేల మీద కట్టినవి. ఎగువ వైపు నుంచి గడ్డిబండి నేరుగా పై అంతస్తులోకే వెళ్తుంది. దిగువన పశువుల సాల. పై అంతస్తు ఆ సాల తలుపుల మీదుగా కొన్ని అడుగులు ముందుకు చొచ్చుకొని ఉంటుంది. ఈ ముఖం సాధారణంగా దక్షిణానికో ఆగ్నేయానికో తిరిగి ఉంటుంది కాబట్టి పైన గోడ ఎండలో మెరుస్తుంది, కింద తలుపులు చీకట్లో ఉండిపోతాయి. నలుపు-తెలుపు ఛాయాగ్రాహకులను ఆకట్టుకున్నదీ కష్టపెట్టినదీ ఈ తేడాయే.

చార్లెస్ షీలర్ 1910ల ద్వితీయార్ధంలో ఇక్కడి బక్స్ కౌంటీలో తీసిన తెల్ల కొట్టం చిత్రం నిండా గోడే: నిలువు పలకలు, సున్నం పూత, అన్నీ స్పష్టంగా. పల్లె దృశ్యాన్ని మసకమసకగా, కలలా చూపడం గొప్పగా చెలామణి అయిన రోజుల్లో ఆ స్పష్టత పెద్ద సాహసం. 1955లో మైనర్ వైట్ న్యూయార్క్ రాష్ట్రపు కొట్టాలను తీసి, ఆ చిత్రాల వరుసకు ‘రూరల్ కెథెడ్రల్స్’ అని పేరు పెట్టాడు.

వీళ్లు చూసిన అందం చాలావరకు చెక్కలోనే ఉంది. రంగు వేయని పలక ఎండకూ వానకూ కొన్నేళ్లలో వెండి బూడిద రంగుకు తిరుగుతుంది. అతినీలలోహిత కిరణాలు చెక్క పైపొరలోని లిగ్నిన్‌ను చెడగొడితే వాన దాన్ని కడిగేస్తుంది. వసంతంలో పెరిగిన మెత్తటి చార ముందు అరుగుతుంది; ఆ తర్వాత పెరిగిన గట్టి చార నిలుస్తుంది. పలక మీద సన్నని గట్లు, గాళ్లు తేలతాయి. ఎదురుగా పడే ఎండలో ఇవి కనిపించవు. సూర్యుడు గోడను ఒరుసుకుంటూ వచ్చినప్పుడు మాత్రం ప్రతి గట్టు నీడా పక్క గాడిలో పడుతుంది, తుప్పు పట్టిన మేకు తలకు కూడా పొడవాటి నీడ వస్తుంది. దక్షిణపు గోడకు ఆ వెలుగు వేసవిలో కాస్త పొద్దెక్కాక దొరుకుతుంది. ఉత్తరపు గోడకైతే వేసవి ఉదయం, సాయంత్రం తప్ప నేరుగా ఎండే పడదు.

ఎర్ర కొట్టాల సంగతి వేరు. ఐరన్ ఆక్సైడ్‌ను అవిసె నూనెలో కలిపిన ఆ రంగు, ఎరుపును గుర్తించలేని ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ మీద దాదాపు నల్లగా వస్తుంది. అన్ని రంగులనూ గుర్తించే పాన్‌క్రొమాటిక్ ఫిల్మ్ మీద ఎర్ర గోడా పచ్చగడ్డీ ఇంచుమించు ఒకే బూడిద రంగులోకి దిగి కలిసిపోతాయి. వాటిని విడదీసేది ఫిల్టర్. ఎరుపు ఫిల్టర్ గోడను తేలిక చేసి, నీలాకాశాన్ని ముదురు చేస్తుంది. ఆకుపచ్చ ఫిల్టర్ గోడను ముదురు చేసి, గడ్డిని తేలిక చేస్తుంది. బూడిద చెక్క మీద మాత్రం ఫిల్టర్ ప్రభావం స్వల్పం; మార్పంతా ఆకాశంలోనే. దానికి పసుపు ఫిల్టర్ చాలు. ముదురు ఎరుపు ఫిల్టర్ మూడు స్టాపుల వెలుగును (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) మింగడమే కాక, ఆకాశపు నీలి వెలుగుతో బతికే నీడలను కూడా నల్లబరుస్తుంది. సాల తలుపులు మాయమైపోతాయి.

ఆ తలుపులను కాపాడే పద్ధతిని ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో జోన్ సిస్టమ్‌గా రూపొందించారు. నలుపు నుంచి తెలుపు దాకా 0 నుంచి 10 వరకు మెట్లు. వెలుగును కొలిచే మీటర్ దేన్ని కొలిచినా నడిమి బూడిదగానే చూపుతుంది కాబట్టి, నీడలోని తలుపును కొలిచి రెండు స్టాపులు తగ్గిస్తే అది మూడో మెట్టు మీద, వివరం చెడకుండా నిలుస్తుంది. అప్పుడు సున్నం గోడ మరీ తెల్లబారేటట్టుంటే నెగెటివ్‌ను డెవలప్ చేసే సమయం తగ్గిస్తారు.

కెమెరాను పైకి వంచితే గోడలు లోపలికి వాలినట్టు వస్తాయి. పాత కొట్టాలు నిజంగానే ఒరిగి ఉంటాయి. కెమెరా కూడా ఒరిగితే ఏ వాలు ఎవరిదో చెప్పలేం. అందుకే వ్యూ కెమెరాను నిటారుగా ఉంచి, లెన్సును మాత్రమే పైకి జరుపుతారు.

ఈ పనికి కళతో పాటు దస్తావేజు విలువ కూడా ఉంది. 1933లో మొదలైన హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే కొలతల పటాలతో పాటు పెద్ద సైజు నలుపు-తెలుపు నెగెటివ్‌లను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరుస్తోంది. కలర్ ఫిల్మ్‌లోని రంగులు వెలిసిపోతాయి; సరిగ్గా కడిగిన నలుపు-తెలుపు నెగెటివ్‌లోని వెండి బింబం వందల ఏళ్లు నిలుస్తుంది. గడ్డిని యంత్రాలు మోపులు కట్టడం మొదలయ్యాక ఎత్తయిన అటకల అవసరం తగ్గింది. ఎన్నో కొట్టాల కలప ఊడదీసి నేలపలకలకూ బల్లలకూ అమ్మేశారు. అందుకే లోపలి అతుకులను కూడా చిత్రించాలి. దూలాలను నిలబెట్టే ముందు వడ్రంగులు జత కలిపే చోట్ల రోమన్ అంకెలు చెక్కేవారు. పక్క నుంచి దీపం పట్టి తీస్తే ఆ గాట్లు ప్రింటులో చదవడానికి వస్తాయి.