శ్రుతి జారిన స్పూలు

పాత స్పూల్ టేప్‌రికార్డరులో పద్యం సాగినట్టు వినిపిస్తే చాలామంది ముందు మోటారును అనుమానిస్తారు. బందరు, గుడివాడ ఇళ్ళలో ముందు అనుమానించాల్సింది గాలిని. సముద్రపు తేమలో ఏళ్ళ తరబడి అటక మీదున్న యంత్రంలో గ్రీజు జిగురవుతుంది, రబ్బరు రాయిలా బిగుస్తుంది, ఇనుముకు తుప్పు పడుతుంది. మోటారు సాధారణంగా మొండిఘటం.

ఈ సీమలో టేపులకెక్కినవాటిలో పందిట్లో హరికథలున్నాయి, కూచిపూడి భాగవతాలున్నాయి, 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో కేంద్రం వినిపించిన నాటకాలున్నాయి. మాటల్లో వేగం లోపం కొంత కలిసిపోతుంది. పద్యం చివర గాయకుడు తీసే రాగంలో మాత్రం ఏ వణుకూ దాగదు.

టేపును లాగేది కాప్‌స్టన్ అనే సన్నని ఉక్కు కడ్డీ. దానికి టేపును అదిమి పట్టేది పించ్ రోలర్ అనే రబ్బరు చక్రం. వేగం సెకనుకు 19.05 సెంటీమీటర్లో, అందులో సగమో ఉంటుంది. ఖరీదైన మీటర్లేమీ లేకుండానే దీన్ని కొలవచ్చు. ఖాళీ టేపు మీద 11 మీటర్ల 43 సెంటీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి నడిపిస్తే, 19.05 వేగంలో సరిగ్గా నిమిషం పట్టాలి. రెండు సెకన్లు ఎక్కువైతే శ్రుతి అర స్వరస్థానం దాకా దిగినట్టే.

వణుకును లెక్కపెట్టడం ఇంకా సొగసైన పని. పించ్ రోలర్ వ్యాసం 4 సెంటీమీటర్లయితే ఆ వేగంలో సెకనుకు ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. గొంతు కూడా అదే లెక్కన ఊగుతుంటే దోషి ఆ చక్రమే. 6 మిల్లీమీటర్ల కాప్‌స్టన్ వంగితే వణుకు సెకనుకు పదిసార్లు వస్తుంది. టేపు సాగేకొద్దీ ఊపు లయ మారుతుంటే స్పూలునో దాని బ్రేకునో చూడాలి. లివరు ప్లే దగ్గరే వదిలేసి మూతపెట్టిన యంత్రాల్లో, మోటారు తిప్పుడును అందించే ఐడ్లర్ అనే చక్రం రబ్బరు మీద నొక్కు పడుతుంది. దాన్ని మార్చక తప్పదు.

మరమ్మతు ఎప్పుడూ శుభ్రంతోనే మొదలు. కాప్‌స్టన్‌కు అంటిన గోధుమరంగు పొడి దాని వ్యాసాన్ని పెంచుతుంది, దాంతో వేగమూ పెరుగుతుంది. దాన్ని ఆల్కహాలుతో తుడిచి, పాత గ్రీజు తీసేసి, కాప్‌స్టన్ తిరిగే బుష్‌లో ఒక్క చుక్క సన్న నూనె వేస్తే చాలు. రబ్బరుకు నూనె తగిలితే కొత్త రోగం తెచ్చిపెట్టినట్టే. ఇంకా నెమ్మదిగా ఉంటే అప్పుడు మోటారు కెపాసిటర్ వంతు.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన యంత్రాల కథ వేరు. 110 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మరు పెడతారు, అది హెర్ట్జ్‌ను మార్చదు కదా! 60 హెర్ట్జ్‌కు చేసిన ఏసీ మోటారు మన 50లో ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడింది కింది ఆరున్నరకు జారుతుంది. ఇది చెడిపోవడం కాదు. మోటారు పుల్లీ వ్యాసం 20 శాతం పెంచితే సరిపోతుంది. రెవాక్స్ ఏ77 లాంటి యంత్రాల్లో కాప్‌స్టన్ మోటారు వేగాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూటే కాపాడుతుంది కాబట్టి ఈ తంటా లేదు.

యంత్రం బాగుపడ్డాక అసలు చిక్కు బయటపడుతుంది. తప్పు టేపులోనే ఉంటే? 1990లలో దక్షిణాది గ్రిడ్ 48 హెర్ట్జ్ దాకా దిగుతుండేది. ఆ కరెంటుతో ఏసీ మోటారు యంత్రంలో రికార్డు చేసిన పాట ఇప్పుడు 50లో నాలుగు శాతం వేగంగా, ముప్పావు స్వరస్థానం పైకి వినిపిస్తుంది. టేపులోని కరెంటు హోరును కొలిచి పట్టుకుందామంటే అదీ దొరకదు. రికార్డు చేసేటప్పుడు హోరూ మోటారూ కలిసే తగ్గాయి కనుక ఇప్పుడు హోరు అమాయకంగా 50 చూపిస్తుంది. బ్యాటరీతో రికార్డు చేసినదైతే మరో వింత. సెల్స్ నీరసపడేకొద్దీ హరిదాసు శ్రుతి తెల్లారేసరికి పైకి ఎక్కిపోతుంది.

ఇక్కడ చెవే సాక్షి. హార్మోనియం ఏ శ్రుతో తెలిస్తే మేలు. లేదా అదే స్పూలు మీద అదే యంత్రంతో రేడియోలోంచి పట్టిన ఘంటసాల పాట ఏదైనా ఉందేమో వెతకాలి. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఆయన పాటలు రికార్డుల్లో దొరుకుతాయి కాబట్టి రెంటినీ పోలిస్తే ఆ రోజు తేడా ఎంతో తేలుతుంది. యాప్‌లో తనకు హాయిగా అనిపించేదాకా శ్రుతి జరిపేవాళ్ళ పని నాకు నచ్చదు. అది పాడినవాడి గొంతును వదిలేసి మన ఇష్టాన్ని దాచుకోవడం.

దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన దాటి మిగిలిన టేపు దొరికితే తొందరపడి యంత్రానికి ఎక్కించకూడదు. తేమకు జిగురెక్కిన టేపు హెడ్డుకు అంటుకుని కీచుమంటుంది, వేగాన్ని తగ్గిస్తుంది, పూత కూడా రాలుస్తుంది. అలాంటిది మొదలైతే వెంటనే ఆపాలి. బాగా నడిచిన టేపును కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు శ్రుతి దిద్దని ప్రతిని ఒకటి విడిగా ఉంచి, రెండో ప్రతిలో వేగం ఎంత శాతం మార్చారో, దేన్ని ఆధారం చేసుకున్నారో ఫైలు పేరులోనే రాయాలి.