ఎంచి పెట్టిన బట్టల కొట్టు

మగవాళ్ల బట్టల కొట్టుకెళితే నేను అద్దాలూ లైట్లూ చూడను. అరల్లో ఏం లేదో చూస్తాను. దాచేపల్లి లాంటి ఊళ్లో ఆ వడపోత మరీ అవసరం. ఎండలకు రాష్ట్రమంతా పేరుమోసిన రెంటచింతల దగ్గర్లోనే ఉంది. చుట్టూ పత్తి, మిరప చేలు, సున్నపు బట్టీలు. మెరిసే పాలిస్టర్ చొక్కా ఇక్కడ మధ్యాహ్నానికల్లా ఒంటికి అతుక్కుపోతుంది. ఊరు తెలిసిన కొట్టాయన దాన్ని అసలు తెప్పించడు.

ఆయన తెప్పించేది మంగళగిరి గుంట మగ్గాల నేత. అంచున నిజాం బార్డరు, మిగతాదంతా సాదా. పెళ్లికైతే పొందూరు ఖద్దరు పంచె. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన సన్న నూలు అది. అక్కినేని నాగేశ్వరరావు ఇష్టంగా కట్టింది ఆ పంచెలే. ధర ఎక్కువే. ఎందుకెక్కువో గుడ్డను మన అరచేతిలో పెట్టి చెప్పగలగడమే ఆ వృత్తిలో అసలు విద్య.

“బాబాయ్, ఇది మీకొద్దు. చేలోకెళ్లడానికైతే ఈ ముతకదే ఆగుద్ది. కుట్టించేముందు ఓ రాత్రి నీళ్లలో నానేసి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుక్కే కురచైపోద్ది” అంటాడు. ఖరీదైనదాన్ని తనే వెనక్కి తీసుకునే ఆ చేతి మీద నాకు చాలా గౌరవం.

చొక్కాకు రెండుంపావు మీటర్లు కోసేముందు గుడ్డను వెలుతురుకెత్తి పట్టుకుని పోగు తెగిందేమో చూస్తాడు. తెగితే ఆ ముక్క పక్కన పెట్టి కొత్తగా కోస్తాడు. ఆ నష్టం ఆయనదే.